మంచాన పడితే ఇల్లు గడిచేదెలా?

ఒరేయ్ అల్లుడూ,

మొన్న ఫోన్లో భలే ధీమాగా అన్నావు. "ఎల్‌ఐసీ ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది, బండికి ఇన్సూరెన్సుంది, నాకింకేం కావాలి మామయ్యా?" అని. నీ ఈడు కుర్రాళ్లలో ఆ మాత్రం చూసుకునేవాళ్లే తక్కువ, సంతోషం. కానీ జనరల్ ఇన్సూరెన్సులో క్లెయిముల బల్ల దగ్గర కూర్చుని రిటైరైనవాణ్ణి కదా, నువ్వు ఆ మూడూ చెబుతుంటే నా బుర్ర నాలుగోదాన్ని వెతికింది. అది నీ దగ్గర లేదు. అసలు కావాల్సింది నీకు అదే.

ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించకు. "అశుభం పలుకుతావేంట్రా తమ్ముడూ" అని నన్నే కేకలేస్తుంది. కీడెంచి మేలెంచమన్నది మన పెద్దలే కదా, అందుకే ఒక్కసారి కీడెంచుదాం.

నీ పని ఏసీలు బిగించడం. నాలుగో అంతస్తు కిటికీలోంచి సన్‌షేడ్ మీదకి దిగి, ఒక చేత్తో గ్రిల్లు పట్టుకుని, ఇంకో చేత్తో అవుట్‌డోర్ యూనిట్‌కి బోల్టు బిగిస్తావు. నాలుగో అంతస్తు దాకా వద్దు, నిచ్చెన మీద పదడుగుల ఎత్తులో కాలు జారిందనుకో. మడమ ఎముక చితికింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. డాక్టరు మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నాడు. ప్రాణానికి ఏమీ కాలేదు, కాలూ పోలేదు, మళ్లీ నడుస్తావు. ఇప్పుడు నీ మూడు కాగితాలూ తీసి చూడు.

ఎల్‌ఐసీ ఏమీ ఇవ్వదు, నువ్వు బతికే ఉన్నావు కాబట్టి. బాండులో ప్రమాద రైడరు ఉన్నా, అది మనిషి పోయినప్పుడో శాశ్వతంగా పనికి దూరమైనప్పుడో అక్కరకొచ్చేదే గాని విరిగి అతుక్కునే ఎముకకి కాదు. ఆరోగ్యశ్రీ ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంటుంది, అదెంత పెద్ద సాయమో నాకు తెలుసు. అయితే ఆ డబ్బు ఆసుపత్రికి వెళుతుంది, మీ ఇంటికి రాదు. బండి ఇన్సూరెన్సుకి ఈ ప్రమాదంతో పనే లేదు, నువ్వు పడింది నిచ్చెన మీంచి.

మరి అద్దె? ఈఎంఐలు? పిల్లదాని స్కూలు ఫీజు? మార్చి నుంచి జూన్ దాకానే మీ వృత్తికి పంట. ఏప్రిల్లో మంచాన పడితే మూడు నెలల సంపాదనతో ఆగదు, సంవత్సరం మొత్తానికి దెబ్బ. ఉద్యోగస్తుడికి మెడికల్ లీవు ఉంటుంది. నీకు పనికి వెళ్లిన రోజే జీతం, వెళ్లని రోజు సున్నా.

మనవాళ్లు బీమా అనగానే "పోతే ఎంతొస్తుంది?" అని అడుగుతారు. నా బల్ల ముందు కూర్చున్నవాళ్లలో చాలామందిది వేరే గోడు. మనిషి మిగిలాడు, సంపాదన ఆగింది. ఆ కష్టానికి జవాబు చెప్పేది ప్రమాద బీమా, ఆఫీసు భాషలో పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. పాలసీ తీసుకునే ముందు నువ్వు అడగాల్సిన ప్రశ్న "మిగిలితే ఎలా గడుస్తుంది?" అని.

ఈ పాలసీ నాలుగు సందర్భాల్లో డబ్బిస్తుంది. ఒకటి, ప్రమాదంలో మనిషి పోవడం. రెండు, శాశ్వత సంపూర్ణ వైకల్యం: రెండు కళ్లో, రెండు చేతులో, రెండు కాళ్లో పోయి ఇక ఏ పనీ చేయలేని స్థితి. మూడు, శాశ్వత పాక్షిక వైకల్యం: ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక వేలో పోవడం. నాలుగు, తాత్కాలిక సంపూర్ణ వైకల్యం. నేనిందాక చెప్పిన మడమ ఎముక కథ ఈ నాలుగోదే. కొన్నాళ్లు పూర్తిగా పని మానేసి మళ్లీ లేచి నిలబడేవాడికి వారం వారం లెక్కకట్టి ఇచ్చే డబ్బు ఇది. నీలాంటివాడికి ఎక్కువగా ఎదురయ్యేది ఈ నాలుగోదే. చాలా పాలసీల్లో లేనిదీ ఇదే. దాన్ని విడిగా అడిగి పెట్టించుకోవాలి.

ముందు చవకైనది చెబుతా. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 2015లో ఏడాదికి 12 రూపాయలతో మొదలైంది, 2022 జూన్ 1 నుంచి 20 రూపాయలు చేశారు. 18 నుంచి 70 ఏళ్ల లోపు, బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లెవరైనా చేరొచ్చు. ప్రమాదంలో పోయినా, సంపూర్ణ వైకల్యం వచ్చినా 2 లక్షలు. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో శాశ్వతంగా పోతే లక్ష. ఏడాదికి 20 రూపాయలకి ఇంతకన్నా ఎవరూ ఇవ్వరు. నువ్వూ, అమ్మాయీ (అదే, మీ ఆవిడ), మీ అమ్మా ముగ్గురూ చేరండి.

ఇందులో జనం తప్పటడుగు వేసే చోట్లు మూడున్నాయి. ఈ బీమా జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. ఆ సమయానికి ఖాతాలో 20 రూపాయలు లేకపోతే డబ్బు కట్ కాదు, బీమా ఆగిపోతుంది. నీ ఖాతా ఊళ్లో ఉంది, నువ్వు కూకట్‌పల్లిలో ఉన్నావు, ఆ ఖాతా మొహం చూసి ఎన్నాళ్లైందో నీకే తెలియాలి. మే నెలలో పాస్‌బుక్ ఎంట్రీ వేయించు. 20 పోతే సురక్ష. 436 పోతే అది జీవన్ జ్యోతి, ప్రాణానికి సంబంధించిన వేరే బీమా. ఒకటి కట్టి రెండోది ఉందనుకునేవాళ్లు ఊరికొకరు ఉంటారు. రెండో సంగతి, నాలుగు బ్యాంకుల్లో నాలుగుసార్లు కట్టినా వచ్చేది ఒక్కదాని మీదే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: విరిగి అతుక్కునే కాలికి ఇందులో పైసా రాదు, ఆసుపత్రి ఖర్చూ రాదు. "గవర్నమెంటు బీమా ఉంది కదా" అని నిమ్మళంగా కూర్చోకు.

ఇక బండి సంగతి. నీకు కోపం వచ్చినా చెప్పక తప్పదు. మీ నాన్న, అదే మా బావ, పోయాక ఆ బండి నువ్వే తిప్పుతున్నావు. ఆర్‌సీ ఇంకా బావ పేరునే ఉంది, ఏటా ఇన్సూరెన్సు కూడా ఆ పేరునే కడుతున్నావు. బండి పాలసీతో పాటు యజమాని నడుపుతున్నప్పుడు వర్తించే ప్రమాద బీమా ఒకటి ఉంటుంది. మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత 2018లో దాన్ని 15 లక్షలకి పెంచారు. అంతకుముందు ద్విచక్ర వాహనానికి లక్షే ఉండేది. ఈ 15 లక్షలు ఎవరికి? ఆర్‌సీలో పేరున్న యజమానికి, లైసెన్సు చేతిలో ఉండి తానే నడుపుతున్నప్పుడు. బావ లేడు, నువ్వు యజమానివి కావు. రేపు ఏదైనా జరిగితే ఆ కాగితం నీకు చిత్తుకాగితం. మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలు పట్టుకుని ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్లి బండి నీ పేరున మార్పించు. తర్వాత పాలసీలోనూ పేరు మార్పించి, నామినీగా అమ్మాయి పేరు రాయించు. సెకండ్ హ్యాండు బండి కొని పేరు మార్చుకోని నీ స్నేహితులందరికీ ఇదే మాట చెప్పు.

మరో రెండు సంగతులు. ఆ 15 లక్షలు నడిపేవాడివే, వెనక కూర్చున్న అమ్మాయికి వర్తించవు. తాగి నడిపితే నీకూ వర్తించవు.

సరే, ఆ నాలుగో సందర్భానికి, అంటే మంచాన పడ్డ రోజులకి, ఏం చేయాలి? బజార్లో రకరకాల పాలసీలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో షరతు, అన్నీ చదివి పోల్చాలంటే మా సర్వీసువాళ్లకే తల తిరుగుతుంది. అందుకే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మేలా ఒక పాలసీ తయారు చేయించింది. పేరు సరళ్ సురక్షా బీమా. 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. ఏ కంపెనీలో కొన్నా లోపలి షరతులు ఒకటే, ప్రీమియం మాత్రం తేడా. రెండున్నర లక్షల నుంచి కోటి రూపాయల దాకా తీసుకోవచ్చు.

దీని మూల పాలసీలో మరణం, సంపూర్ణ వైకల్యం, పాక్షిక వైకల్యం ఉంటాయి. తాత్కాలిక వైకల్యం, ప్రమాదం వల్ల ఆసుపత్రి ఖర్చు, పిల్లల చదువు సాయం అనే మూడూ ఐచ్ఛికాలు. అంటే నువ్వు అడిగితేనే, దానికి కొంచెం ఎక్కువ కడితేనే వస్తాయి. ప్రీమియం తక్కువ చూపించడానికి ఏజెంటు వాటిని వదిలేస్తాడు. నువ్వు వదలకు. తాత్కాలిక వైకల్యానికి పాలసీ మొత్తంలో 0.2 శాతం చొప్పున వారానికి ఇస్తారు, గరిష్ఠంగా 100 వారాలు. 10 లక్షల పాలసీకి వారానికి 2,000, 25 లక్షలకి 5,000. మూడు నెలలంటే పదమూడు వారాలు. 25 లక్షల పాలసీ ఉంటే 65,000 చేతికొస్తాయి. నీ సీజను సంపాదన మొత్తం రాకపోవచ్చు, ఇల్లు మాత్రం గడుస్తుంది. అద్దె కోసం అమ్మాయి గాజులు బ్యాంకులో పెట్టనక్కర్లేదు.

ఇంకో మంచి సంగతి. ఆసుపత్రి బిల్లుని రెండు కంపెనీల దగ్గర రెండుసార్లు వసూలు చేసుకోవడం కుదరదు. మరణానికీ వైకల్యానికీ ఇచ్చే డబ్బు అలాంటిది కాదు. సురక్షా బీమా యోజనలో వచ్చింది కదా అని ఈ పాలసీవాళ్లు తగ్గించరు, దేని డబ్బు దానిదే. అవతలి బండివాడు గుద్దితే వాడి ఇన్సూరెన్సు మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నువ్వు వేసే కేసుకీ ఇది అడ్డం రాదు. ఆ కేసు మాత్రం ఆరు నెలల్లోపే వేయాలి, నాన్చకు.

ఫారం నింపేటప్పుడు వృత్తి దగ్గర నిజం రాయి. ప్రమాద బీమా ప్రీమియం సాధారణంగా వయసుని బట్టి కాకుండా చేసే పనిని బట్టి నిర్ణయిస్తారు. కుర్చీలో కూర్చునే గుమాస్తాకి తక్కువ, ఎత్తులెక్కేవాడికీ కరెంటు పని చేసేవాడికీ ఎక్కువ. "వ్యాపారం అని రాద్దాం, మూడొందలు తగ్గుతుంది" అని ఎవడో సలహా ఇస్తాడు. ఆ మూడొందలే రేపు క్లెయిము తిప్పికొట్టడానికి వాళ్లకి సాకు. ఏసీలు బిగిస్తాను, ఎత్తులెక్కుతాను అని అక్షరాలా రాయించు. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీ ఉంది.

ఆదాయం కూడా కాగితం మీద కనిపించాలి. నెలకి ఎంత సంపాదిస్తావో చూసే కంపెనీ ఎంత పాలసీ ఇవ్వాలో తేలుస్తుంది, వారపు డబ్బు అడిగినప్పుడూ రుజువు చూపమంటుంది. సంపాదనంతా నగదుగా తీసుకుని జేబులో పెట్టుకుంటే నువ్వు సంపాదిస్తున్నట్టు సాక్ష్యం ఎక్కడిది? కస్టమర్ల చేత ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో ఖాతాకి వేయించుకో. కుదిరితే ఐటీ రిటర్ను వెయ్యి.

నీ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తున్నారు కదా. సన్‌షేడ్ మీదకి నువ్వు దిగని రోజు వాళ్లు దిగుతారు. వాళ్లకేదైనా అయితే చట్టప్రకారం నష్టపరిహారం ఇవ్వాల్సింది పని చెప్పిన నువ్వే. ముందు ఇద్దరికీ బ్యాంకులో సురక్షా బీమా కట్టించు, నలభై రూపాయల పని. పని పెరిగేకొద్దీ పనివాళ్ల పరిహారానికి యజమానులు తీసుకునే పాలసీ కూడా తీసుకో. జీడిమెట్లలో పనిచేసే మీ తమ్ముడికి ఈఎస్ఐ ఉంది, వాడికీ ఒక మాట చెప్పు. పని వల్ల దెబ్బ తగిలి పనికి వెళ్లలేని రోజులకి ఈఎస్ఐ సగటు జీతంలో 90 శాతం ఇస్తుంది. ఇంటి నుంచి ఫ్యాక్టరీకి వెళ్లే దారిలో పనికి సంబంధించి జరిగిన ప్రమాదం కూడా అందులోకి వస్తుంది. ఈ సంగతి తెలియక సెలవు పెట్టి చేతి డబ్బు ఖర్చుపెట్టుకున్న కార్మికులెందరో.

ఇప్పుడు క్లెయిముల బల్ల వెనక నేను నేర్చుకున్న పాఠం చెబుతా. క్లెయిము ఓడిపోయేది చాలాసార్లు ఆసుపత్రి గుమ్మం దగ్గరే. రోడ్డు మీద బండి జారి పడ్డవాణ్ణి తీసుకొచ్చి, పోలీసు కేసవుతుందని భయపడి "ఇంట్లో మెట్ల మీద జారాడండీ" అని చెబుతారు చుట్టాలు. డాక్టరు అదే కేస్‌షీట్లో రాస్తాడు. నెల తర్వాత క్లెయిము ఫారంలో బండి ప్రమాదం అని రాస్తే, రెండు కాగితాలకీ పొంతన ఉండదు. నిజంగా దెబ్బ తిన్నవాడు అబద్ధమాడినవాడిలా నిలబడాల్సి వస్తుంది. అందుకని ఎక్కడ, ఎలా, ఎన్నింటికి పడ్డావో ఉన్నది ఉన్నట్టు రాయించు. రోడ్డు ప్రమాదమైతే ఎఫ్ఐఆర్ తప్పనిసరి. పొలంలో పాము కరిచినా, చెట్టు మీంచి పడినా ఎఫ్ఐఆర్ లేకపోయినా ఆసుపత్రి రికార్డు సరిపోతుందని ప్రధానమంత్రి సురక్షా బీమా నిబంధనల్లోనే ఉంది. ఊళ్లో గీత కార్మికులకీ రైతులకీ ఈ ముక్క చెప్పు.

రోడ్డు మీద ప్రమాదమైతే డబ్బుల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకూ నగదు లేకుండా వైద్యం చేయాలి. గుద్దిన బండి దొరక్కపోయినా దారి మూసుకుపోదు. గుద్ది పారిపోయిన కేసుల్లో తీవ్రంగా గాయపడ్డవాళ్లకి 50,000, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు పరిహారం ఉంది.

కంపెనీకీ బ్యాంకుకీ వెంటనే కబురు పెట్టాలి. ప్రధానమంత్రి సురక్షా బీమాకి 30 రోజుల గడువు అని గుర్తుంచుకో. ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు ఒక ఫైల్లో పెట్టు. వారపు డబ్బు కావాలంటే డాక్టరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పని చేయకూడదో రాసివ్వాలి, కోలుకున్నాక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. శాశ్వత వైకల్యమైతే ఎంత శాతమో సర్కారీ వైద్యులు తేల్చిన ధ్రువపత్రం చేతిలో ఉండాలి. సదరం సర్టిఫికెట్ పింఛనుకే అనుకుంటారు మనవాళ్లు, క్లెయిములోనూ అలాంటి కాగితమే అడుగుతారు. ప్రమాదం జరిగిన 12 నెలల్లోపు బయటపడ్డ వైకల్యాన్నే పాలసీ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి చెకప్పులు వాయిదా వేయకు.

అన్నీ సరిగ్గా ఉన్నా కంపెనీ కాదంటే తల వంచుకుని వచ్చేయకు. ముందు కంపెనీలోనే ఫిర్యాదుల విభాగానికి రాయి. జవాబు రాకపోతే 155255కి ఫోన్ చేస్తే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదు తీసుకుంటుంది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. ఆపైన బీమా అంబుడ్స్‌మన్. రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లకీ కార్యాలయం హైదరాబాదులోనే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద రాసిచ్చినా చాలు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఒక సామాన్యుడు అక్కడ కూర్చుని తన కాగితాలు తానే చూపించుకుని నెగ్గడం నేను కళ్లారా చూశాను. ఆ రోజు కంపెనీ తరఫున బల్లకి అటువైపు కూర్చున్నా, మనసులో సంతోషించాను.

ఇంత చెప్పి అసలైనది మరిచిపోతే మీ అత్తయ్య ఊరుకోదు. నడుముకి సేఫ్టీ బెల్టు కట్టకుండా సన్‌షేడ్ మీదకి దిగకు. హెల్మెట్ చేతికి తగిలించుకుని బండి నడపకు. ఏ పాలసీ అయినా డబ్బే ఇస్తుంది, పోయిన వేలుని తెచ్చి అతికించదు.

ఈ ఆదివారం పని పెట్టుకోకు. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లో ఉన్న పాలసీలన్నీ తీయి. దేనికి ఎప్పుడు కట్టాలి, నామినీ ఎవరు, ఏ నంబరుకి ఫోన్ చేయాలి అన్నది ఒక కాగితం మీద తన చేతే రాయించు. మంచాన పడ్డవాడు ఆఫీసుల చుట్టూ తిరగలేడు, తిరగాల్సింది తనే. సోమవారం పొద్దున్నే ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్లు, ముందు ఆ బండి నీ పేరున మార్పించు. సరళ్ సురక్ష ఫారం సంతకం పెట్టే ముందు ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. తాత్కాలిక వైకల్యం గడిలో టిక్కు లేకపోతే ఆ ఏజెంటుతో నేనే మాట్లాడతా.

మీ మామయ్య